అటక విసురు

సెయింట్ ఒట్టీలియా, కాన్సస్
ఆగస్టు 21, 1977

ఒరే డ్వేన్,

నిన్ను ఎక్కించుకున్న బస్సు మలుపు తిరిగేదాకా మీ అమ్మ చెయ్యి ఊపుతూనే ఉంది. మన రోడ్డుకి మలుపు లేదన్న సంగతి నీకు తెలిసిందే. బస్సు చీమంతై, చీమగుడ్డంతై, చివరికి అదీ లేకుండా పోయాక కూడా ఊపింది. నేను టోపీ తీసి పక్కన నిలబడ్డాను. మాడు కాలిపోయి లోపలికొచ్చేశాను.

ఇక్కడ నేనూ, మీ అమ్మా, ఎర్రావూ బాగానే ఉన్నాం. గోధుమ చేలు దున్నడం అయింది. వాన మాత్రం మన ఊరి పేరు మర్చిపోయినట్టుంది.

ధాన్యం గోదాములో కాటా దగ్గర కూర్చుని మీ మావయ్య ఇగ్నాస్ నీకో ప్రశ్న పంపాడు. మన బడిలో పిల్లలు చాలక ఫుట్‌బాల్ ఎనిమిది మందితో ఆడించేవాళ్ళు కదా, అక్కడ పదకొండు మంది ఆడతారట. ఆ ఎక్కువైన ముగ్గురూ ఏం పని చేస్తారో కనుక్కుని రాయమన్నాడు. ఊరికే నిలబడే పనైతే తనూ వస్తాడట.

నేను చెప్పాలనుకున్నది బస్సు దగ్గర చెప్పలేకపోయాను. ఇంజను చప్పుడు ఎక్కువగా ఉంది, నా గొంతు తక్కువగా ఉంది. అన్నయ్యా నేనూ చిన్నప్పుడు చలికాలంలో బయటంతా మంచు. బంతాడుకోడానికి పశువుల కొట్టం మీది గడ్డి అటక ఒక్కటే జాగా. దూలాలు తల మీదే ఉండేవి. చెయ్యి పైకెత్తి విసిరితే వేళ్ళు చిట్లేవి. అందుకని మీ నాన్న, మా లియో అన్నయ్య, నడుం పక్కనుంచి, కొడవలి తిప్పినట్టు విసిరేవాడు. బంతి దూలాల కిందనుంచి దూరుకుంటూ పోయి అవతలి గోడని ఠప్పున కొట్టేది. నేను పోయి తెచ్చేవాణ్ణి. నాకు విసరడం రాలేదు, తేవడం వచ్చింది. తర్వాత నిన్నూ అక్కడే నిలబెట్టాడు.

అన్నయ్య చనిపోయిన ఏడాది నువ్వొక సాయంత్రం అటకెక్కి ఒక్కడివే విసురుతున్నావు. కింద పాలు పితుకుతున్న మీ అమ్మ ఆ చప్పుడు విని, "లియో, దిగు ఇంక, సూపు చల్లారిపోతోంది" అంది. అన్నాక ఆవు వైపు తిరిగి ఆవుతో ఏదో మాట్లాడింది. నేను తలుపు దగ్గరే ఉన్నాను. లేనట్టు వెళ్ళిపోయాను.

అంచేత ఆ విసురు నీ ఒక్కడిదే కాదు. జాగ్రత్త. దాన్ని అంత పెద్ద మైదానంలో చూడ్డానికి మేమొస్తాం. ఎప్పుడు రమ్మంటావో రాయి.

మీ బాబాయ్,
అలోయిస్ వెర్త్

తా.క. బీరక్‌ బన్నులు వేరే డబ్బాలో వస్తున్నాయి. లోపలి కూరలో క్యాబేజీ ఎక్కువైంది, మాంసం తక్కువైంది. దారిలో ఒకటి నేను తిన్నాను, పోస్టాఫీసు వాళ్ళని అనుమానించకు.


కాలేజీ హాస్టల్
సెప్టెంబర్ 18, 1977

బాబాయ్,

బీరక్‌లు అందాయి. నా గదిలో ఉండేవాడు చికాగో కుర్రాడు, క్యాబేజీ వాసనకి మొహం తిప్పుకున్నాడు. ఒకటి బలవంతంగా పెట్టాక, మీ అమ్మ ఇంకెప్పుడు పంపుతుంది అని రోజూ అడుగుతున్నాడు.

మావయ్యకి చెప్పు, ఆ ముగ్గురూ నా ముందు నిలబడి నన్నెవరూ పడేయకుండా చూసేవాళ్ళట. నా విషయంలో ఇంకా పని మొదలెట్టలేదు.

ఎందుకంటే మొదటి ఏడు కుర్రాళ్ళని అసలు ఆటలోకి దింపరు. మా పని వేరు. వచ్చే శనివారం మాకు ఏ జట్టుతో ఆట ఉంటే, ఆ వారమంతా ఆ జట్టులో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని నేను. వాళ్ళవాడి నంబరు చొక్కా తొడుక్కోవాలి. వాడు విసిరినట్టు విసరాలి, వాడు అడుగేసినట్టు అడుగెయ్యాలి. మా పెద్దాటగాళ్ళు నా మీద పడి పడేసి నేర్చుకుంటారు. శనివారం నాడు అసలువాణ్ణి పడేస్తారు. నేను మెట్ల మీద కూర్చుని చూస్తాను.

మొదటి రోజే మన విసురు విసిరాను. కోచ్ ఈల ఊదాడు.

"ఏంటది?"

"విసిరాను సార్."

"అది విసరడమా, గొడ్డుకి గడ్డెయ్యడమా? ఎక్కడ నేర్చుకొచ్చావ్?"

"అటక మీద సార్."

అందరూ నవ్వారు. ఒక్కణ్ణే నవ్వకపోతే బాగుండదని నేనూ నవ్వాను. చెయ్యి చెవి పక్కనుంచి పైకి రావాలట. ఈ వారం నేను ప్లాట్ వేలీ జట్టు వాణ్ణి, వాడూ పైనుంచే విసురుతాడు, కాబట్టి పైనుంచే విసురుతున్నాను. ఈ ఒక్క ఏడాదే బాబాయ్. వచ్చే ఏడు నన్ను నన్నుగా ఆడనిస్తామన్నారు. అప్పుడు మనది బయటికి తీస్తా. అప్పుడు రండి.

అమ్మకి జట్టులో ఉన్నానని చెప్పు, చాలు.

డ్వేన్


సెయింట్ ఒట్టీలియా
అక్టోబర్ 2, 1977

ఒరే డ్వేన్,

నీ ఉత్తరం గోదాములో విప్పాను. విప్పకుండా ఉండాల్సింది. ఇగ్నాస్‌కి అర్థమైందేంటంటే, నువ్వు వారానికో జట్టు మారుతున్నావు. "కుర్రాడికి నిలకడ లేదు, వాళ్ళమ్మ తరపు పోలిక" అన్నాడు. అమ్మ తరపంటే తనేనని కాసేపటికి గుర్తొచ్చి, కాటా తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఆదివారం పూజయ్యాక ఒకాయన నా చెయ్యి పట్టుకుని, "అన్ని జట్లూ మీవాణ్ణే కావాలంటున్నాయటగా" అన్నాడు. కాదనడానికి నోరు తెరిచాను. మీ అమ్మ పక్కనే నవ్వుతూ నిలబడుంది. నోరు మూసుకున్నాను.

కాబట్టి ఇప్పుడు ఊరి లెక్కలో నువ్వు చాలా గొప్పవాడివి. దీన్ని సరిచెయ్యాలంటే నువ్వు నిజంగా గొప్పవాడివి కావడమొకటే దారి.

నాకొకటి అర్థం కాలేదు. వారమంతా పరాయివాడి విసురు విసిరి, శనివారం మెట్ల మీద కూర్చుంటే, మన విసురు ఎప్పుడు విసురుతున్నావు? గేటు తియ్యకపోతే కీలు బిగుసుకుంటుంది. ఇది నేను పుస్తకంలో చదివింది కాదు, మన పడమటి గేటుని అడుగు.

ఈ వారం నువ్వు ఎవరైనా సరే, స్వెట్టర్ వేసుకో.

బాబాయ్


కాలేజీ హాస్టల్
నవంబర్ 6, 1977

బాబాయ్,

నవ్వొచ్చే సంగతి ఒకటి. పోయిన వారం ఎదుటి జట్టువాడు ఎడమచేతి వాటం. నేను వారమంతా ఎడమచేత్తో విసిరాను. ఫోర్కు కూడా ఎడమచేత్తోనే పట్టుకున్నా, అలవాటవుతుందని. శుక్రవారానికి బానే వచ్చింది. కోచ్ నా భుజం తట్టి, "నీ అంత బాగా ఇంకొకడిలా ఉండేవాణ్ణి నేను చూళ్ళేదు" అన్నాడు. ఇక్కడికొచ్చాక విన్న మొదటి మంచి మాట అది.

నవ్వు రాని సంగతి ఇంకోటి. అంతకుముందు వారం సాధనలో నా ముందు అందరూ గోడలా కమ్ముకొచ్చేశారు. పైనుంచి విసరడానికి చోటు లేదు. దూలాల కింద ఉన్నట్టనిపించింది. చెయ్యి దానంతటదే పక్కనుంచి తిరిగింది. బంతి వాళ్ళ మోచేతుల కిందనుంచి పోయి అవతలివాడి గుండెకి తగిలింది. మళ్ళీ విసిరాను, మళ్ళీ పోయింది. మా పెద్దాటగాళ్ళకి దాన్ని ఆపడం చేతకాలేదు.

కోచ్ మెచ్చుకుంటాడనుకున్నా. మైదానం చుట్టూ చీకటి పడేదాకా పరిగెత్తించాడు. "శనివారం మన మీదికొచ్చేవాడు అలా విసరడు. వాళ్ళకి లేని విసురు చూపించి నా వాళ్ళని పాడు చేస్తావా? నిన్ను గెలవమన్నానా, వాడిలా ఉండమన్నానా?"

ఆయనన్నదీ నిజమే. ఆ వారం నేనెవర్నో మర్చిపోయాను. ఇంకెప్పుడూ మర్చిపోను.

సెలవులకి రాలేను. అమ్మకి నచ్చచెప్పు.

డ్వేన్


సెయింట్ ఒట్టీలియా
మార్చి 19, 1978

ఒరే డ్వేన్,

చలికాలమంతా నీ దగ్గర్నుంచి ఒక కార్డు, దాని మీద రెండు ముక్కలు. వాటిలో ఒకటి నీ సంతకం. చదువెక్కువై చేతిరాత తగ్గిందనుకుంటున్నాం.

పోయిన వారం గాలి వచ్చింది. మన గాలి సంగతి నీకు చెప్పక్కర్లేదు, కానీ ఇది వేరే ఊరి గాలి, మర్యాద తెలీదు. కొట్టం పైకప్పు సగం రేకులు తీసుకెళ్ళి ఇగ్నాస్ పెరట్లో పెట్టింది. మర్యాదగా తిరిగిస్తాడేమో అనుకున్నా, వాడు కోళ్ళగూడు కట్టుకున్నాడు. కొట్టం ఉత్తరం గోడ కడుపుతో ఉన్నదానిలా ముందుకొచ్చింది. అటక మీద ఆకాశం కనపడుతోంది. బాగు చెయ్యాలా, పీకెయ్యాలా అన్నది తేల్చుకోవాలి. ఎర్రావు ఒక్కదానికి అంత ఇల్లెందుకని అందరూ అంటున్నారు. మీ అమ్మ ఏమీ అనడం లేదు. నువ్వేమంటావు?

నువ్వుంచమంటే ఉంచుతాను. నిచ్చెనెక్కడానికి నా మోకాళ్ళు ఒప్పుకోవు గానీ, వాటితో నేను మాట్లాడతాను.

బాబాయ్


కాలేజీ హాస్టల్
జులై 9, 1978

బాబాయ్,

కోతలకి రాలేకపోయాను. ఎండాకాలమంతా ఇక్కడే ఉండి సాధన చెయ్యకపోతే పేరు తీసేస్తారు. ఈ ఏడు కూడా శనివారాలు నేను వరసలో మూడోవాణ్ణి, మిగతా రోజులు పరాయివాణ్ణి. నన్నుగా ఆడనిస్తామన్నది ఎవరో, వాళ్ళిప్పుడు వేరే కాలేజీకి వెళ్ళిపోయారు.

కొట్టం సంగతి నీ ఇష్టం. నిజం చెప్పాలంటే అక్కడ నేర్చుకున్నదాన్ని వదిలించుకోడానికే నాకు ఏడాది పట్టింది. ఇప్పుడు నా చెయ్యి శుభ్రంగా ఉందంటున్నారు. దాన్ని పీకేస్తే నాకేం బాధ లేదు.

అమ్మకి ఒంట్లో ఎలా ఉంది?

డ్వేన్


సెయింట్ ఒట్టీలియా
అక్టోబర్ 15, 1978

ఒరే డ్వేన్,

నీ జులై ఉత్తరానికి జవాబు రాయలేదు. రాయడానికి కూర్చున్నప్పుడల్లా ఏదో పని గుర్తొచ్చేది. ఎండాకాలంలో మనకి పనులెక్కువ కదా.

ఇప్పుడు అదంతా పక్కన పెట్టు. నిన్న గోదాములో రేడియో పెట్టుకుని కూర్చున్నాం. మీ పెద్ద క్వార్టర్‌బ్యాక్ మోకాలు తిరిగిపోయిందనీ, రెండోవాడికి జ్వరమనీ, "ఇప్పుడు వెర్త్ వస్తున్నాడు" అనీ చెప్పారు. ఇగ్నాస్ లేచి నిలబడ్డాడు. జాతీయ గీతానికి కూడా వాడు అంత త్వరగా లేవడు. నువ్వు విసిరినప్పుడల్లా కాటా మీద కాలేసి తొక్కాడు, అప్పుడు తూకం వేసిన బండి ఎవరిదో గానీ వాడికి మంచి లాభం.

గెలిచారు. రేడియోవాడు, "ఈ కుర్రాడి విసురు పాఠం పుస్తకంలో బొమ్మలా ఉంది" అన్నాడు. మెచ్చుకోలే అనుకుంటాను.

మీ అమ్మ ఇంట్లోనే విన్నది. నేను పోయేసరికి రేడియో మీద చెయ్యి ఆనించి కూర్చునుంది, ఆవు ఒంటి మీద ఆనించినట్టు. "పక్కనుంచేనా విసిరింది?" అని అడిగింది. "పక్కనుంచే వదినా" అన్నాను. రేడియోలో కనపడదు కదా, నాదేం పోయింది.

చర్చి బస్సు మాట్లాడుతున్నారు. నార్త్ ఫోర్క్ వాళ్ళతో ఆట నాడు, నవంబర్ 11న, అందరం వస్తున్నాం. మీ అమ్మ కొత్త కోటు కుట్టుకుంటోంది.

బాబాయ్


కాలేజీ హాస్టల్
నవంబర్ 1, 1978

బాబాయ్,

కొట్టం ఇంకా ఉందా? ఉంటే ముట్టుకోవద్దు. జులైలో రాసిందంతా మర్చిపో.

నీకొక్కడికే చెబుతున్నా. రేడియోవాడన్నది మెచ్చుకోలు కాదు. ఆ రోజు నేను విసిరింది ప్లాట్ వేలీ వాడి విసురు, కొన్ని రెడ్ బట్ వాడివి. ఎదురుగా ఏది కనిపిస్తే దానికి పనికొచ్చే ఎవడో ఒకడు నాలోంచి వస్తున్నాడు. మామూలు జట్ల మీద నడిచిపోతోంది. నార్త్ ఫోర్క్ మీద నడవదు. వాళ్ళు గోడలా వస్తారు, పైనుంచి విసరడానికి చోటివ్వరు. అక్కడ పనికొచ్చేది నాన్నది ఒక్కటే.

అది తీద్దామని పోయిన ఆదివారం ఖాళీ మైదానానికి ఒక్కణ్ణే వెళ్ళాను. రాలేదు బాబాయ్. నాన్న ఎలా నిలబడేవాడో, భుజం ఎలా వంచేవాడో, అంతా కళ్ళముందు ఉంది. చెయ్యి మాత్రం తిరగదు. మధ్యలో ఆగిపోయి, ఎవరిలాగో పైకి లేస్తుంది. రోజూ పోతున్నా. రోజూ అంతే.

అటక మీద నిలబడితే వస్తుందనుకుంటున్నా. దూలాలుంటే పైకెత్తడానికి వీలుండదు కదా, పక్కకి తిరగక చస్తుందా. ఆటకి ముందు ఒక్క రోజు సెలవడిగి వస్తాను. కప్పు లేకపోయినా పర్లేదు. దూలాలుంటే చాలు.

అమ్మకి ఇదేమీ చెప్పకు.

డ్వేన్


సెయింట్ ఒట్టీలియా
నవంబర్ 2, 1978

ఒరే డ్వేన్,

ఈ ఉత్తరం నిండా మంచి వార్తలే, కూర్చుని చదువు.

మొన్న శనివారం కొట్టం దించేశాం. నువ్వు చెప్పినట్టే చేశాను. గోదాము వాళ్ళంతా వచ్చారు. ఇగ్నాస్ పర్యవేక్షణ చేశాడు, అంటే కుర్చీ తెచ్చుకున్నాడు. ఉత్తరం గోడ తాడు కట్టి లాగకముందే పడుకుంది, పాపం అలిసిపోయినట్టుంది. పాత చెక్కంతా పొయ్యిలకి పంచేశాం. చలికాలమంతా ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ మన కొట్టం వెచ్చగా ఉంటుంది. అటక దిగుతున్నప్పుడు మీ అమ్మ వాకిట్లోకొచ్చి చూసి, లోపలికెళ్ళి అందరికీ కాఫీ పెట్టింది.

రెండోది. పోయిన వారం ఒకాయన మన ఊరొచ్చాడు. మంచి కోటు, మెరిసే బూట్లు. నీ గురించి తెలుసుకోవాలని అంత దూరం నుంచి వచ్చాడట. పేపరాయనే అయ్యుంటాడు. నీ బడి ఆటల సినిమా రీళ్ళు ఉన్నాయా అంటే, నేనే హెడ్మాస్టర్ దగ్గరికి తీసుకెళ్ళి ఇప్పించాను. అటక విసురు గురించి ఒకటికి రెండుసార్లు అడిగాడు. మోచెయ్యి ఎక్కడుంటుంది, పాదం ఎటు తిరుగుతుంది, అన్నీ. నాకు విసరడం రాకపోయినా చెప్పడం వచ్చు కదా, వంటింట్లో నిలబడి బంగాళాదుంపతో చూపించాను. ఆయన రాసుకున్నాడు. మీ అమ్మ బీరక్‌లు పెట్టింది. ఇంత మంచి మనుషుల్ని చూళ్ళేదంటూ వెళ్ళాడు. పేపరొస్తే పంపించు, ఇక్కడికింకా రాలేదు.

బస్సులో సీట్లన్నీ నిండిపోయాయి.

బాబాయ్


సెయింట్ ఒట్టీలియా
నవంబర్ 5, 1978

డ్వేన్,

నీ ఉత్తరం నిన్న అందింది. నాది ఈపాటికి నీకూ అంది ఉంటుంది.

నిన్నంతా పొయ్యిలున్న ఇళ్ళన్నీ తిరిగాను. చాలా మటుకు కోసేశారు. ఇగ్నాస్ ఇంటి వెనక ఒక దూలం దొరికింది, కోళ్ళగూటికని దాచుకున్నాడట. మీ నాన్న తల తగిలి సొట్ట పడిందని మేమనుకునే దూలం అదే. నిజానికి సొట్ట ముందు నుంచే ఉంది, తల తర్వాత తగిలింది.

నువ్వు రావద్దు. వచ్చినా ఇక్కడ చూడ్డానికేమీ లేదు. దూలాన్ని బస్సులో తెస్తున్నాం. సీట్ల మధ్యన పడుకోబెడతాం. ఆట రోజు పొద్దున్నే నేనో చివర, ఇగ్నాస్ ఇంకో చివర పట్టుకుని నిలబడతాం. దాని కింద విసురు.

ఇంతకంటే నాకేమీ తోచలేదురా.

బాబాయ్


సెయింట్ ఒట్టీలియా
నవంబర్ 13, 1978

డ్వేన్,

ఆట రోజు పొద్దున, మీ అమ్మ అటు వెళ్ళాక, బస్సులు ఆపే చోట నీ వేళ్ళు దూలానికి తగిలి చిట్లినప్పుడు మేము కాస్త కిందికి దించి పట్టుకున్నామేమోనని ఇగ్నాస్ ఇప్పటిదాకా అంటూనే ఉన్నాడు. మేము సరిగ్గానే పట్టుకున్నాం. వాడికి అలా అనుకోవాలనుంది, అనుకోనీ.

నువ్వు మమ్మల్ని ఒకటడిగావు, ఆట తర్వాత బస్సు దగ్గర అమ్మ ఎందుకలా వింతగా చూసిందని. అప్పుడు జవాబు చెప్పలేదు. ఇంకెవరో చెప్పేకంటే నేనే రాస్తున్నా.

మా సీట్లు చాలా పైన. మనుషులు గోధుమ గింజల్లా ఉన్నారు. మైకులో పేర్లు చెప్పారు గానీ గాలికి ఒక్కటీ వినపడలేదు. నువ్వు మొదటి నుంచీ ఆడుతున్నావు. నీ నంబరు నాకు తెలుసు, ఇగ్నాస్‌కి తెలుసు. మీ అమ్మకి నంబర్లతో పని లేదు, విసురు చూస్తే చాలు తెలిసిపోతుందని అడగనే లేదు. ఆట మొదలైనప్పటి నుంచీ పక్క బెంచీ వైపే చూస్తూ కూర్చుంది, నిన్నెప్పుడు దింపుతారా అని. నువ్వు కింద పడ్డప్పుడల్లా, "పాపం ఎవరి పిల్లాడో" అంటోంది. చివరికి కోచ్ నిన్ను తీసేసినప్పుడు నా మోచెయ్యి పట్టుకుని, "పోనీలే, వాణ్ణి మార్చేశారు. ఇప్పుడు మనవాణ్ణి పంపుతారు చూడు" అంది.

"చూద్దాం వదినా" అన్నాను.

ఆట అయ్యేదాకా చూసింది. బస్సు దగ్గర నీ మొహం మీద మట్టీ, గడ్డీ చూశాక గానీ ఆమెకి తెలియలేదు.

ఇంటికొచ్చేటప్పుడు దూలాన్ని తేలేదు. ఎక్కడ పెట్టామో కూడా గుర్తు లేదు.

బాబాయ్


కాలేజీ హాస్టల్
నవంబర్ 19, 1978

బాబాయ్,

అమ్మది తప్పేం లేదు. ఆ రోజు నేను మైదానంలో ఉన్నానని నాకే నమ్మకం లేదు.

మీ బస్సు వెళ్ళిపోయాక జరిగింది నీకు రాయాలి. నేను చొక్కా మార్చుకుని ఖాళీ మైదానం అంచున కూర్చున్నాను. నార్త్ ఫోర్క్ కుర్రాడొకడు వచ్చాడు. నా కంటే చిన్నవాడు, మొదటి ఏడు. నాలాగే మెట్ల మీద కూర్చునే వాడు.

"నువ్వే వెర్త్ కదా" అన్నాడు.

"అవును."

"ఈ రెండు వారాలూ నేనే నువ్వు."

నాకు వెంటనే అర్థమైంది. వాడి మొహం మీద కోపం కూడా ఉంది.

"నీ మూలంగా కోచ్ దగ్గర తిట్లు తిన్నాను. మీ ఊరి రీళ్ళు తెచ్చి రోజూ వేసి చూపించారు. పక్కనుంచి వచ్చే ఆ విసురు నేర్చుకోడానికి నా నడుం విరిగింది. మావాళ్ళంతా దానికే తయారై వచ్చారు. నువ్వు ఒక్కసారి కూడా విసరలేదు. ఎందుకు దాచుకున్నావు?"

కోటు వేసుకున్న పెద్దమనిషి ఎవరో నీకిప్పుడు తెలిసింది. నిన్ను నేనేమీ అనను. నువ్వు కాకపోతే అమ్మ ఇచ్చేది. లేని విసురుకి కాపు కాసి కూడా వాళ్ళు నన్ను చిత్తుగా ఓడించారు, అది చాలు.

"దాచుకోలేదు. ఏదీ, ఎలా నేర్చుకున్నావో విసురు" అన్నాను.

వాడు బంతి తెచ్చి విసిరాడు. పాదం సరిగ్గా ఉంది. మోచెయ్యి కొంచెం ఎత్తులో ఉంది. ఇంకాస్త దించమన్నాను. తల మీద దూలం ఉందనుకోమన్నాను. వాడు మళ్ళీ విసిరాడు.

బాబాయ్, అది నాన్న. ఆ భుజం, ఆ వంగడం, వదిలేటప్పుడు గడ్డం పక్కకి తిప్పడం. అంతా నాన్నే. చీకటి పడుతుంటే వాడి మొహం కనపడక ఇంకా నాన్నలా ఉన్నాడు. అవతల చెక్క పలక ఠప్పుమంది. ఇంకోసారి విసరమన్నాను. చాలాసేపు విసిరించాను. బంతి నేనే పోయి తెచ్చాను.

వాడు నన్నూ విసరమన్నాడు. వేళ్ళు బాలేవని చెప్పాను.

వాళ్ళ బస్సువాళ్ళు పిలిస్తే వెళ్ళిపోయాడు. పేరు అడగలేదు. నన్ను మళ్ళీ పాత పనిలో పెట్టారు. ఈ వారం నేనెవరో ఇంకా చెప్పలేదు.

థాంక్స్‌గివింగ్‌కి రాను. వచ్చి ఎక్కడ కూర్చోవాలో తెలీదు.

డ్వేన్


సెయింట్ ఒట్టీలియా
నవంబర్ 26, 1978

ఒరే నాన్నా డ్వేన్,

నీ ఉత్తరం మీ అమ్మకి చదివి వినిపించాను. ఆ కుర్రాడి దగ్గరికొచ్చేసరికి ఆపేద్దామనుకున్నా. ఆపి, చలి ఎక్కువైందనో ఏదో అన్నాను. "చదువు" అంది. చదివేశాను.

ఆమె బీరక్‌లకి పిండి కలుపుతోంది. కలపడం ఆపలేదు. పొయ్యిలో చెక్క అయిపోతే లేచి ఇంకోటి పెట్టింది, అది మన కొట్టానిదే. మళ్ళీ వచ్చి కూర్చుంది. నీ మీద కోపమా అని అడిగాను. కాదని తలూపింది. నిన్ను వచ్చెయ్యమని రాయనా అన్నాను. "వాడిష్టం" అంది.

"ఆ అబ్బాయి పేరేంటట?" అని అడిగింది.

"అడగలేదట వదినా."

"వచ్చే ఏడు ఆడిస్తారా వాణ్ణి?"

"ఏమో. ఆడించినా వాళ్ళ పద్ధతిలోనే ఆడాలి కదా. ఇది వాడికి పనికిరానిది, మర్చిపొమ్మంటారు."

పిండి మీద గుడ్డ కప్పి చేతులు తుడుచుకుంది. "మర్చిపోయేలోగా ఒక్కసారైనా ఆడిస్తారేమో. వాళ్ళ ఆట మన రేడియోకి అందుతుందా?"

జోకు కోసం వెతుక్కున్నాను, దొరకలేదు. "రేడియోలో విసురు ఎలా కనపడుతుంది వదినా" అన్నాను.

"వినపడుతుందిలే" అంది.

బాబాయ్